దేవదూతను చూసినవాడి లెక్క వేరా?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. మోర్మన్ నమ్మకం ప్రకారం దేవుని నుంచి స్పష్టమైన రుజువు చూసినవాడు తర్వాత కాదంటే అతడికి క్షమాపణ ఉందా? చూసినవాడికీ చూడనివాడికీ తీర్పులో తేడా ఎంత? ఒకప్పుడు సంఘంలో నిలబడి "నాకు తెలుసు" అని సాక్ష్యం చెప్పి, ఇప్పుడు దూరమైన మనిషి "నాశన పుత్రుడు", అంటే క్షమాపణ లేని పాపం చేసినవాడు, అయిపోయినట్టేనా? మూడోదానికి ముందు జవాబు చెప్తాను. దాన్ని అడిగేవాళ్లు చాలావరకు భయంతో అడుగుతారు, వాళ్లని చివరిదాకా వేచి ఉండమనడం న్యాయం కాదు. కాదు, అయిపోడు. ఆ సంఘపు లేఖనాలే, వాళ్ల చరిత్రే ఆ మాట చెప్తున్నాయి. ఎలాగో చూద్దాం.

పేరు గురించి ఒక్క మాట. మోర్మన్లు అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. వాళ్ల సంఘం పేరు తెలుగులో "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము". పూర్తి పేరే వాడమని వాళ్ల అప్పటి అధ్యక్షుడు రసెల్ ఎం. నెల్సన్ 2018లో గట్టిగా కోరారు. ఇక్కడ వీలున్నచోటల్లా కడవరి దిన పరిశుద్ధులు అనే రాస్తాను. వాళ్ల లేఖనాలు నాలుగు: బైబిలు, మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము. మూడోదాన్ని ఇకపై నిబంధనల గ్రంథం అంటాను.

ఈ విషయానికి పునాది మోర్మన్ గ్రంథంలోని ఆల్మా 32వ అధ్యాయంలో ఉంది. జోరమీయులనే జనంలో బీదవాళ్లు తమ చేతులతో కట్టిన ప్రార్థనా మందిరం నుంచే వెలివేయబడి, ఎక్కడ ఆరాధించాలో తెలియక ఆల్మా అనే ప్రవక్త దగ్గరికి వస్తారు. ఆయన వాళ్లతో ఇలా అంటాడు: పరలోకం నుంచి ఒక సూచన చూపించు, అప్పుడు నమ్ముతామనేవాళ్లు చాలామంది ఉన్నారు, అది విశ్వాసమా? కాదు, ఒక సంగతి తెలిసిపోయాక ఇక నమ్మడానికేముంది? వెంటనే 19వ వచనంలో అసలు మాట వస్తుంది. నమ్మకం మాత్రమే ఉండి పాపంలో పడినవాడికన్నా, దేవుని చిత్తం తెలిసి కూడా చెయ్యనివాడు మరింత శాపానికి గురవుతాడు. అంటే రుజువు అడగడం అప్పు అడగడం లాంటిది. ఇచ్చినంతకీ లెక్క చెప్పాలి. దేవుడు అందరికీ ఎందుకు కనిపించడు అన్న ప్రశ్నకు కడవరి దిన పరిశుద్ధులు ఇచ్చే జవాబుల్లో ఇది బలమైనది. మోయలేని బాధ్యతను ముందే నెత్తిన పెట్టకపోవడం వాళ్ల దృష్టిలో దేవుని కనికరం.

ఇదే సూత్రం నిబంధనల గ్రంథం 82:3లో ఉంది. 1832 ఏప్రిల్‌లో మిస్సోరిలోని ఇండిపెండెన్స్‌లో ఆ సంఘాన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ ఇచ్చిన ప్రకటన అది. ఎక్కువ ఇవ్వబడినవాడి దగ్గర ఎక్కువ అడుగుతారు, ఎక్కువ వెలుగుకు ఎదురుగా పాపం చేసినవాడికి ఎక్కువ శిక్ష. లూకా 12లో యజమాని చిత్తం ఎరిగిన దాసుడికి ఎక్కువ దెబ్బలు, తెలియనివాడికి తక్కువ దెబ్బలు అని చదివిన తెలుగు క్రైస్తవులకు ఇది కొత్తగా అనిపించదు. కొత్తదనమంతా ఆ "ఎక్కువ"ని మెట్లుమెట్లుగా విడదీసి చెప్పడంలో ఉంది.

అడుగు మెట్టు నుంచి మొదలుపెడదాం. ధర్మశాస్త్రం ఇవ్వబడనిచోట శిక్ష లేదని 2 నీఫై 9:25 అంటుంది. తెలియక పాపం చేసి, దేవుని చిత్తం ఎరగకుండానే చనిపోయినవాళ్ల కోసం క్రీస్తు రక్తం ప్రాయశ్చిత్తం చేస్తుందని మోషైయ 3:11 అంటుంది. ఎనిమిదేళ్లు నిండని పిల్లలకు లెక్క లేదు, అందుకే బాప్తిస్మం ఎనిమిదేళ్లకు. జోసెఫ్ స్మిత్ అన్న ఆల్విన్ 1823లో బాప్తిస్మం లేకుండా చనిపోయాడు. 1836 జనవరిలో ఒహయోలోని కర్ట్‌లాండ్ మందిరంలో కలిగిన దర్శనంలో ఆ అన్న పరలోకంలోని మూడు రాజ్యాల్లో పైదైన సిలెస్టియల్ రాజ్యంలో కనిపించాడని, సువార్త వినకుండా చనిపోయినా వినివుంటే అంగీకరించేవాళ్లందరూ దానికి వారసులేనని నిబంధనల గ్రంథం 137వ ప్రకరణం చెప్తుంది. తాతముత్తాతలు ఈ పేరే వినని తెలుగు కుటుంబాల్లో మొదటితరం సభ్యులకు ఈ ప్రకరణం ఎంత దగ్గరగా అనిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు. దేవాలయాల్లో మృతుల తరఫున బాప్తిస్మం జరపడం కూడా ఈ నమ్మకం మీదే నిలబడింది.

పై మెట్లకు మోర్మన్ గ్రంథం ఇచ్చే కొలబద్ద ఆల్మా 9వ అధ్యాయం. అమ్మోనైహా అనే పట్టణంలో ఆల్మా చేసిన ప్రసంగమది. శత్రుజాతి అయిన లేమనీయులు తమ తండ్రుల సంప్రదాయాల వల్ల అజ్ఞానంలో ఉన్నారు, తీర్పుదినాన వాళ్ల స్థితి మీ స్థితికన్నా ఓర్వదగినదిగా ఉంటుంది అంటాడు. తర్వాత తన జనానికి ఏమేం ఇవ్వబడ్డాయో ఒక్కొక్కటిగా ఎంచి చెప్తాడు. దేవుని ఆత్మ వాళ్లను దర్శించింది, దేవదూతలు మాట్లాడారు, ప్రవచన వరం, భాషల వరం, అనువాద వరం. యుద్ధం నుంచి, కరువు నుంచి, రోగం నుంచి ఎన్నోసార్లు విడుదల. ఇవన్నీ పొంది తిరగబడితే మీ గతి వాళ్లకన్నా ఘోరం అని ముగిస్తాడు. ఈ జాబితాలో దేవదూతలు ఒక పద్దు మాత్రమే, ఆత్మ దర్శనం దానికన్నా ముందు వచ్చింది. ఆ వరస ఎందుకు ముఖ్యమో కొంచెం కింద తెలుస్తుంది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. "రుజువు చూశాను", "ఆత్మ సాక్ష్యం పొందాను", "నాకు తెలుసు" అనే మూడింటినీ ఒకే గంపలో వేస్తారు. కడవరి దిన పరిశుద్ధుల బోధలో వెలుగుకు కనీసం నాలుగు స్థాయిలున్నాయి, ఒక్కోదానికి లెక్క వేరు.

మొదటిది క్రీస్తు వెలుగు. మంచిచెడ్డలు తెలుసుకునేలా పుట్టిన ప్రతి మనిషికీ ఇవ్వబడుతుందని మొరోనై 7:16 చెప్తుంది. మతంతో, బాప్తిస్మంతో నిమిత్తం లేదు. దీనికి ఎదురునిలిస్తే మనస్సాక్షికి ఎదురునిలిచినట్టు.

రెండోది పరిశుద్ధాత్మ తాకిడి. బాప్తిస్మం పొందనివాళ్లు కూడా మోర్మన్ గ్రంథం చదివి, మొరోనై 10:4లో చెప్పినట్టు నిజాయితీగా, నిజమైన ఉద్దేశంతో ప్రార్థిస్తే కలిగే సాక్ష్యం ఇదే. గుండెలో వెచ్చదనం, శాంతి, ఆలోచనలో స్పష్టత అని వర్ణిస్తారు. ఇది వచ్చి వెళ్తుంది.

మూడోది పరిశుద్ధాత్మ వరము. బాప్తిస్మం తర్వాత తలమీద చేతులుంచి ఇస్తారు. దీనితో నిబంధన కూడా కలిసి వస్తుంది, అంటే మనిషి మాట ఇచ్చాడు. లెక్క ఇక్కడ ఒక్కసారిగా పెరుగుతుంది. అయితే చేతులుంచినంత మాత్రాన ఆత్మను నిజంగా పొందినట్టు కాదని, పొందుతూ ఉండాలని వాళ్ల ఉపదేశకులు ఎప్పుడూ గుర్తుచేస్తుంటారు.

నాలుగోది నిశ్చయమైన ఎరుక. పరలోకం తెరుచుకుని, తండ్రినీ కుమారుణ్ణీ ఆత్మ ద్వారా సందేహానికి తావు లేకుండా ఎరగడం. ఈథర్ 3లో జెరెడ్ సహోదరుడు ప్రభువు వేలు చూసినప్పుడు, ఇక అతడికి విశ్వాసం లేదు, ఎందుకంటే అతడు ఎరిగాడు అని రాసి ఉంది. క్షమాపణ లేని పాపం గురించి ఆ లేఖనాలు మాట్లాడేది ఈ నాలుగో మెట్టు గురించి. రెండో మెట్టు మీద నిలబడి నాలుగో మెట్టు శిక్షకు భయపడేవాళ్లే ఎక్కువ.

మరి కళ్లతో చూడటం ఏ మెట్టు? దానంతటదే ఏ మెట్టూ కాదు. ఈ సంగతి మోర్మన్ గ్రంథం పదేపదే చూపిస్తుంది. లేమన్, లెముయెల్ తమ తమ్ముడు నీఫైని కర్రతో కొడుతుండగా దేవదూత ప్రత్యక్షమై ఆపుతాడు. దూత వెళ్లీ వెళ్లకముందే వాళ్లు మళ్లీ సణుగుతారు, లేబన్ అనే బలవంతుడికి యాభైమంది మనుషులున్నారు, మనమేం చెయ్యగలం అని. ఏళ్ల తర్వాత నీఫై వాళ్లతో అంటాడు: మీరు దేవదూతను చూశారు, ఆయన మీతో మాట్లాడాడు, నిమ్మళమైన స్వరంతో కూడా మాట్లాడాడు, కానీ మీకు స్పర్శ పోయింది, ఆ మాటలు మీకు తాకలేదు. చూపు ఉంది, స్పర్శ లేదు. వాళ్ల లెక్క పెరిగిందా అంటే పెరిగింది. కానీ గ్రంథం వాళ్లను ఎక్కడా నాశన పుత్రులనలేదు.

కొరిహోర్ కథ ఇంకో కోణం. ఆల్మా 30లో అతడు దేవుడే లేడని బోధిస్తూ సూచన అడుగుతాడు. ఆల్మా హెచ్చరిస్తాడు, అతడు పట్టుబడతాడు, మూగవాడైపోతాడు. అప్పుడు రాసి ఇస్తాడు: దేవుడున్నాడని నాకు ఎప్పుడూ తెలుసు. శాపం తీసెయ్యమని వేడుకుంటే ఆల్మా ఒప్పుకోడు. తీసేస్తే మళ్లీ జనాన్ని తప్పుదారి పట్టిస్తావంటాడు. సూచన వచ్చింది, కానీ విశ్వాసం పుట్టించడానికి కాదు, తీర్పుగా వచ్చింది. నిబంధనల గ్రంథం 63:9 ఈ వరసనే చెప్తుంది: సూచనల వల్ల విశ్వాసం రాదు, విశ్వసించేవాళ్ల వెంట సూచనలు వస్తాయి.

ఆ 63వ ప్రకరణం 1831 ఆగస్టులో కర్ట్‌లాండ్‌లో వచ్చింది, దాని చుట్టూ నిజజీవితపు ఉదాహరణ ఒకటుంది. ఎజ్రా బూత్ మెథడిస్టు బోధకుడు. అదే ఏడాది ఎల్సా జాన్సన్ అనే ఆమె కదలని చెయ్యి జోసెఫ్ స్మిత్ మాటతో బాగవడం చూసి సంఘంలో చేరాడు. కొన్ని నెలలకే నిరాశపడి వెళ్లిపోయి, ఆ ఏడాది చివర్లో ఒహయో స్టార్ పత్రికలో వ్యతిరేకంగా తొమ్మిది ఉత్తరాలు ప్రచురించాడు. అద్భుతాన్ని చూసి వచ్చినవాడు మరో అద్భుతం కోసం ఎదురుచూస్తాడు, అది రాకపోతే నిలబడడు. కడవరి దిన పరిశుద్ధుల ఉపదేశకులు దీన్ని హెచ్చరికగా చెప్తారు. నా దృష్టిలోనూ ఈ ఉదాహరణ వెయ్యి ప్రసంగాలకన్నా స్పష్టమైనది.

ఇక చిన్న ఆల్మా, పైన చెప్పిన ప్రవక్తే. మోషైయ 27లో దేవదూత ఉరుములాంటి స్వరంతో అతణ్ణి నేలమీద పడేస్తాడు. అంత పెద్ద ప్రత్యక్షత తర్వాత కూడా, ఆల్మా 5:45-46లో తన సాక్ష్యం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాల్సివస్తే దేవదూత పేరెత్తడు. చాలా రోజులు ఉపవాసముండి ప్రార్థించాను, పరిశుద్ధాత్మే నాకు తెలియజేసింది అంటాడు. 20వ శతాబ్దంలో సంఘ నాయకుడు జోసెఫ్ ఫీల్డింగ్ స్మిత్ కూడా ఇదే బోధించారు: ఆత్మ మీద పరిశుద్ధాత్మ వేసే ముద్ర దర్శనంకన్నా లోతైనది. కాబట్టి "వాడు దేవదూతను చూశాడట, నేను చూడలేదు, నా లెక్క తేలిక" అనుకోవడం పొరపాటు. "వాడు చూశాడు కాబట్టి వాడికి క్షమాపణే లేదు" అనుకోవడమూ అంతే పొరపాటు.

దీన్ని పరీక్షించడానికి చరిత్రలో దొరికే మంచి కొలమానం మోర్మన్ గ్రంథపు సాక్షులు. 1829 జూన్‌లో న్యూయార్క్ రాష్ట్రం ఫేయెట్ దగ్గర ఆలివర్ కౌడరీ, డేవిడ్ విట్మర్, మార్టిన్ హారిస్ అనే ముగ్గురు మోర్మన్ గ్రంథానికి మూలమని చెప్పే బంగారు పలకలను తమకు దేవదూత చూపించాడని, దేవుని స్వరం విన్నామని సంతకాలు చేశారు. మొదట అందరూ కలిసి ప్రార్థిస్తే ఏమీ కనబడలేదు. కారణం తనేనని హారిస్ పక్కకు తప్పుకున్నాడు, మిగతావాళ్లకు కనబడింది, తర్వాత జోసెఫ్ స్మిత్ హారిస్‌ని వెతుక్కుంటూ వెళ్లాక అతడికీ కనబడిందని కథనం. కొద్ది రోజులకే మరో ఎనిమిదిమంది పలకలను చేతులతో పట్టుకుని చూశామన్నారు. వాళ్ల సాక్ష్యంలో దేవదూత లేడు, స్వరం లేదు. హారిస్ చూసింది ఆత్మ నేత్రంతోనా మామూలు కళ్లతోనా అని చరిత్రకారుల మధ్య వాదన ఇప్పటికీ నడుస్తోంది. మన ప్రశ్నకు అవసరమైంది వేరే: సంఘం లెక్కలో వీళ్లు రుజువు చూసినవాళ్లు, చూసినవాళ్లకు సంఘం ఏం చేసింది?

వాళ్లకు చూపించకముందే షరతులు పెట్టారు. నిబంధనల గ్రంథం 5వ ప్రకరణంలో, 1829 మార్చిలో, హారిస్ తన తప్పు ఒప్పుకుని తగ్గించుకుంటేనే చూస్తాడని ఉంది. అంతకుముందు ఏడాది మోర్మన్ గ్రంథపు 116 పేజీల రాతప్రతి అతడి చేతిలోనే పోయింది. అదే ప్రకరణంలో 7వ వచనం: నా మాటలు నమ్మనివాళ్లు, ఇవన్నీ చూపించగలిగినా నిన్ను నమ్మరు. 18వ వచనం ఇంకో లెక్క తెరుస్తుంది: సాక్షుల మాట విని గుండె బండబారించుకున్నవాళ్లకు ఆ సాక్ష్యమే శిక్షకు కారణమవుతుంది. అంటే చూసినవాడికే కాదు, చూసినవాడి మాట విన్నవాడికి కూడా లెక్క ఉంది, కొంచెం తక్కువైనా.

తర్వాత ఏం జరిగిందంటే, ముగ్గురూ సంఘం నుంచి వెళ్లిపోయారు. హారిస్‌ని 1837 డిసెంబరులో, కౌడరీని, విట్మర్‌ని 1838 ఏప్రిల్‌లో వెలివేశారు. ముగ్గురిలో కౌడరీ పరిస్థితి ప్రత్యేకం. పలకలు చూడటమే కాదు, 1829 మేలో బాప్తిస్మమిచ్చు యోహాను తన తలమీద చేతులుంచాడని, 1836 ఏప్రిల్ 3న కర్ట్‌లాండ్ మందిరంలో జోసెఫ్ స్మిత్‌తో కలిసి క్రీస్తునే చూశాడని నిబంధనల గ్రంథం 13, 110 ప్రకరణాలు చెప్తాయి. రుజువు పద్దు కింద అతడికన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ఆ తరంలో ఇద్దరు ముగ్గురుకి మించి ఉండరు. రెండేళ్లు తిరిగేసరికి బయటికి వెళ్లాడు. పదేళ్లు న్యాయవాదిగా వేరే ఊళ్లలో బతికాడు. 1848లో అయోవాలోని కేన్స్‌విల్‌కి తిరిగొచ్చి, పదవి ఏదీ వద్దు, మామూలు సభ్యుడిగా చేర్చుకోమని అడిగాడు. అపొస్తలుడు ఆర్సన్ హైడ్ అతడికి మళ్లీ బాప్తిస్మం ఇచ్చాడు. 1850 మార్చిలో మిస్సోరిలోని రిచ్‌మండ్‌లో చనిపోయాడు.

ఇది ఎంత పెద్ద విషయమో గమనించండి. చూసి వెళ్లిపోవడమే క్షమాపణ లేని పాపమైతే అతడికి రెండో బాప్తిస్మం అర్థం లేనిది. సంఘం అతణ్ణి నాశన పుత్రుడనలేదు, అందరికీ తెరిచే తలుపే అతడికీ తెరిచింది. హారిస్ కూడా 1870లో యూటాకి వచ్చి మళ్లీ బాప్తిస్మం పొంది, 1875లో క్లార్క్‌స్టన్‌లో చనిపోయాడు. విట్మర్ తిరిగి రాలేదు. జోసెఫ్ స్మిత్ తర్వాతి బోధలతో ఆయన చివరిదాకా విభేదించాడు, కానీ తన సాక్ష్యాన్ని కాదన్నాడన్న పుకారు వచ్చినప్పుడు 1881లో బహిరంగ ప్రకటన ఇచ్చి ఖండించాడు. సంఘాన్ని వదలడం వేరు, చూసినదాన్ని అబద్ధమనడం వేరు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుందో ఈ ముగ్గురి జీవితాల్లో కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు భయం, నాశన పుత్రుల సంగతి. 1832 ఫిబ్రవరి 16న ఒహయోలోని హైరమ్‌లో జోసెఫ్ స్మిత్, ఆయన సహచరుడు సిడ్నీ రిగ్డన్ కలిసి పొందామన్న దర్శనం 76వ ప్రకరణం. 31 నుంచి 35 వరకు వచనాల్లో షరతులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి: దేవుని శక్తిని ఎరగాలి, అందులో పాలివారు కావాలి, పరిశుద్ధాత్మను పొందాలి, పొందాక కాదనాలి, కుమారుణ్ణి తమంతట తాము మళ్లీ సిలువ వేసినట్టు చెయ్యాలి. అన్నీ కావాలి, ఏ ఒక్కటో సరిపోదు. హెబ్రీయులకు 6లో "ఒకసారి వెలిగింపబడి" అని మొదలయ్యే భాగాన్ని మన సంఘాల్లో విని వణికినవాళ్లు ఈ షరతుల వరసను దాని పక్కన పెట్టి చదవాలి. ఆల్మా 39:6లో కూడా మాట జాగ్రత్తగా ఉంది: పరిశుద్ధాత్మకు నీలో ఒకసారి చోటు దొరికాక కాదంటే, కాదంటున్నానని నీకు తెలిసి మరీ కాదంటే. తెలిసి అన్న మాటను దాటెయ్యకూడదు.

జోసెఫ్ స్మిత్ 1844 ఏప్రిల్ 7న నావూలో చేసిన ప్రసంగంలో దీన్ని ఒక పోలికతో చెప్పాడు. ఆ పాపం చేసేవాడు సూర్యుణ్ణి చూస్తూనే సూర్యుడు వెలగడం లేదనాలి. సందేహం వచ్చినవాడు అలా అనడు. నాకు వెలుగు కనిపించడం లేదు అంటాడు. గాయపడి వెళ్లిపోయినవాడూ అలా అనడు. ఆ పోలిక లూసిఫరుకు సరిపోతుంది: 76వ ప్రకరణంలోనే, దేవుని సన్నిధిలో అధికారంతో ఉండి తిరగబడినవాడికి నాశనము అనే పేరు వచ్చింది. అమూల్యమైన ముత్యములో కయీనుకు కూడా అదే పేరు. దేవునితో మాట్లాడుతూ ఉండి సాతానుతో ఒప్పందం చేసుకున్నాడు. పేతురు మూడుసార్లు క్రీస్తును ఎరగనన్నాడు, కానీ పెంతెకొస్తుకు ముందు, భయంతో. ఆయన్ని ఎవరూ ఆ జాబితాలో వెయ్యరు. తర్వాతి కాలపు సంఘాధ్యక్షుడు స్పెన్సర్ డబ్ల్యూ. కింబల్ అయితే, ఆ పాపానికి కావలసిన ఎరుక ఎంత ఎక్కువంటే మామూలు సభ్యులు దాన్ని చెయ్యడం సాధ్యమే కాదన్నట్టు రాశారు.

అలాగని వెలుగు పొంది పక్కన పెట్టినవాడికి నష్టం లేదని కాదు. 76వ ప్రకరణంలోనే 79వ వచనం ఉంది: యేసు సాక్ష్యం పొందినా దానిలో పరాక్రమంగా నిలబడనివాళ్లు మధ్యదైన టెర్రెస్ట్రియల్ రాజ్యానికి వెళ్తారు, సిలెస్టియల్‌కి కాదు. అది శిక్షలా కనిపించదు, కానీ అందినదాన్ని పోగొట్టుకోవడం. సువార్తను, సాక్ష్యాన్ని కాదని అబద్ధాలు, వ్యభిచారం లాంటివాటిలో బతికినవాళ్లకు కిందిదైన టిలెస్టియల్ రాజ్యం. దాని మహిమ కూడా మన ఊహకు అందదని 89వ వచనం. ఈ మూడూ దాటి బయటి చీకటి. అక్కడికి వెళ్లేవాళ్ల అంతం ఎవరికీ తెలియదని, పాలుపొందినవాళ్లకే తెలుస్తుందని అదే ప్రకరణం చెప్తోంది. కాబట్టి ఫలానా మనిషి ఆ జాబితాలో ఉన్నాడని చెప్పే అధికారం బిషప్‌కి లేదు, బంధువులకు అసలే లేదు. వెళ్లిపోయిన కొడుకునో చెల్లెలినో ఈ మాటతో బెదిరించడం ఆ బోధను వక్రీకరించడమే, పైగా తిరిగొచ్చే దారిని వాళ్లకు మూసెయ్యడం.

మీరు గానీ మీకు తెలిసినవాళ్లు గానీ ఈ స్థితిలో ఉంటే చూసుకోవాల్సిన వరస చెప్తాను. మొదట, పొందినది ఏ మెట్టు వెలుగో నిజాయితీగా గుర్తించండి; ఉపవాస ఆదివారం సాక్ష్య కూటంలో అందరితో పాటు అన్న మాటను బట్టి కాదు, లోపల కలిగినదాన్ని బట్టి. రెండోది, మాట ఇచ్చారా? బాప్తిస్మం మాత్రమేనా, దేవాలయ నిబంధనలు కూడా ఉన్నాయా? సంఘం లెక్కలో ఈ తేడా చాలా పెద్దది. మూడోది, చేసింది ఏమిటి: సందేహపడటమా, రావడం మానెయ్యడమా, ఒక పాపమా, తెలిసి చేసిన తిరుగుబాటా? వీటిని విడదీస్తే భయంలో సగం పోతుంది. నాలుగోది, పశ్చాత్తాపం అనే ఆలోచన ఇంకా వస్తోందా? వస్తుంటే ఆ బోధ ప్రకారమే ఆత్మ పూర్తిగా విడిచిపోలేదు. నిబంధనల గ్రంథం 58:42-43 ప్రకారం ఒప్పుకుని విడిచిపెట్టిన పాపాన్ని ప్రభువు మళ్లీ జ్ఞాపకం చేసుకోడు. 82:7లో ఒక హెచ్చరిక కూడా ఉంది: తిరిగి పాపంలోకి వెళ్తే పాతవి తిరిగొస్తాయి.

ఆచరణలో దారి ఇది. రావడం మానేసినవాళ్ల సభ్యత్వం పోదు, వార్డు (స్థానిక సంఘం) బిషప్‌తోనో బ్రాంచ్ (చిన్న స్థానిక సంఘం) అధ్యక్షుడితోనో మాట్లాడి మళ్లీ రావచ్చు. రాతపూర్వకంగా పేరు తీయించుకున్నవాళ్ల బాప్తిస్మం, యాజకత్వం, దేవాలయ దీవెనలు అన్నీ రద్దవుతాయి. తిరిగి రావాలంటే ఇంటర్వ్యూ తర్వాత మళ్లీ బాప్తిస్మం, మళ్లీ పరిశుద్ధాత్మ వరము. పెద్ద పాపాల విషయంలో సభ్యత్వ సభ కూర్చుంటుంది. 2020కి ముందు దాన్నే క్రమశిక్షణ సభ అనేవాళ్లు. సభ్యత్వం తీసేస్తే మళ్లీ బాప్తిస్మానికి మామూలుగా కనీసం ఒక ఏడాది ఆగాలి. దేవాలయ దీవెనలు పొందినవాళ్లకు అవి తర్వాత వేరే అనుమతితో తిరిగి ఇస్తారు. హైదరాబాద్‌లో 2012లో భారతదేశపు మొదటి స్టేక్ (కొన్ని వార్డుల సమూహం) ఏర్పడింది కాబట్టి ఈ మాటలన్నీ తెలుగులోనే మాట్లాడుకోవచ్చు, ఇంగ్లీషు రాదని ఆగిపోనక్కర్లేదు.

చివరిగా "నాకు తెలుసు" గురించి, ఎందుకంటే సమస్య చాలాసార్లు ఈ మాట దగ్గరే మొదలవుతుంది. సాక్ష్య కూటంలో అందరూ ఈ మాటే అంటారు కాబట్టి కొత్తగా వచ్చినవాళ్లూ, పిల్లలూ అదే అంటారు. తర్వాత ఎప్పుడో సందేహం వస్తే, తెలుసన్నాను కదా, ఇప్పుడు కాదంటే నా గతి ఏమిటని భయపడతారు. తెలుగులో ఎరగడానికీ నమ్మడానికీ ఆశపడటానికీ వేరు వేరు మాటలున్నాయి, వాటిని వాడుకోవాలి. నిబంధనల గ్రంథం 46:13-14 ప్రకారం కొందరికి ఎరిగే వరం, మరికొందరికి వాళ్ల మాట నమ్మే వరం ఇవ్వబడింది. రెండోది కూడా వరమే, దానికీ నిత్యజీవం వాగ్దానం చేయబడింది. ఆల్మా 32లో బీదవాళ్లను అడిగింది ఇంకా తక్కువ: నమ్మాలనే కోరిక ఉంటే చాలు, దానికి లోపల కొంచెం చోటివ్వండి. ఉన్న మెట్టు మీద నిలబడి ఉన్నమాటే చెప్పినవాడు, లేని ఎరుకకు లెక్క చెప్పుకోవాల్సిన అవసరం రాదు.